ఆ నలభై ఒక్క పేర్లు

కంటి ఆపరేషన్ కోసం నెలల తరబడి వరసలో ఉన్న నలభై ఒక్కమంది ఒకే పొద్దున లిస్టులోంచి మాయమైపోయారు, ఆ నింద పోయి పోయి ఆసుపత్రి కౌంటరులో పేర్లు రాసుకునే అత్తయ్య నెత్తిన పడింది. మధ్యాహ్నం మూడింటికి సూపరింటెండెంటు గదిలో ఆవిడ సంజాయిషీ చెప్పుకోవాలి, చెప్పుకోలేకపోతే ఇరవై రెండేళ్ళ ఉద్యోగానికి నీళ్ళొదులుకుని ఇంటికెళ్ళాలి. అప్పటికి టైము పదకొండున్నర.

ఆసుపత్రి డేటాబేసు చూసుకునే అమ్మాయి ఉండేది బేస్‌మెంట్‌లో, ఉతికిన దుప్పట్లు పెట్టే గది పక్కన. కిటికీ లేదు, బయట వాన పడుతోందో ఎండ కాస్తోందో దుప్పట్లు తెచ్చేవాళ్ళ చెప్పుల తడి చూసి తెలుసుకోవాలి. పైనున్న వాళ్ళకి ఆమె పేరు కూడా తెలీదు, ఏదైనా ఆగిపోతే "కింద అమ్మాయికి ఫోన్ కొట్టు" అంటారు, అంతే. రోజు మొత్తం మీద నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప, అందులో రెండు "రీస్టార్ట్ చేశారా?" అనేవే. కౌంటరు అత్తయ్య ఒక్కతే టీకి వెళ్తూ మెట్ల మీద నుంచి అరిచేది, "ఒసే చిట్టెలుకా, బతికున్నావా?" అని. ఆవిణ్ణి డాక్టర్లతో సహా అందరూ అత్తయ్య అనే అంటారు.

ఇవాళ ఆ అత్తయ్య మెట్లు దిగి కిందికే వచ్చి కుర్చీలో కూలబడింది.

"నేను తీసెయ్యలేదే," అంది.

"నాకు తెలుసు అత్తయ్యా."

"నీకెలా తెలుసు? కంప్యూటర్లో నా పేరే ఉందంట కదా! ఆ నలభై ఒక్కమంది మీద ఆఖరున చెయ్యి పెట్టింది నేనేనంట. మా వాళ్ళని ముందుకి తోసుకోడానికి వీళ్ళని లేపేశానంట. మా వాళ్ళెవరే? నాకున్నది ఒక్క పిల్లి, దానికి కళ్ళు శుభ్రంగా కనపడతాయి!"

అమ్మాయికి నవ్వొచ్చింది, అత్తయ్య నవ్వకపోయేసరికి స్క్రీన్ వైపు తిరిగింది.

"మూడింటిదాకా టైముంది కదా, నేను చూస్తాను," అంది.

"చూడు తల్లీ. నాకింక అడగటానికి ఎవరున్నారు," అనేసి అత్తయ్య కౌంటరుకి వెళ్ళిపోయింది, అక్కడ అప్పటికే పాతిక మంది నిలబడున్నారు.

చూస్తాను అనడం తేలికే. ఆ లిస్టుని రోజూ పొద్దున ఆరింటికి కొత్తగా తయారు చేసేది ఒక స్టోర్డ్ ప్రొసీజరు. అంటే డేటాబేసు లోపలే దాచిన పనుల చిట్టా, పేరు పెట్టి పిలిస్తే చాలు, ఒక్కో ప్రశ్నా డేటాబేసుని అడుగుతూ అన్నీ తనే చేసుకుపోతుంది. తలుపేసుకుని వండే వంటవాడన్నమాట, గిన్నె బయటికొస్తుంది గానీ లోపల ఏం వేశాడో కనపడదు. పైగా దాన్ని రాసినాయన కాంట్రాక్టు అయిపోయి వెళ్తూ వెళ్తూ తాళం కూడా వేసిపోయాడు, తెరిచి చదవడానికి లేదు. సరే, తాళం రాకపోతే వాసన పట్టాలి! డేటాబేసు ఏ ప్రశ్న నడిపినా లోపల ఎక్కడో గుర్తు రాసుకుంటుంది, ఆ సంగతి ఆమెకి తెలుసు. ఎక్కడ రాసుకుంటుందో మాత్రం ఏ మాన్యువల్లోనూ లేదు.

లోపలి పట్టికల, అంటే టేబుళ్ళ, జాబితా అడిగితే మూడొందల పన్నెండు వచ్చాయి, పేర్లు చూస్తే ఎవరో కళ్ళు మూసుకుని కీబోర్డు మీద చెయ్యి పెట్టినట్టున్నాయి. ఒక్కొక్కటీ తెరవడం మొదలెట్టింది. ఖాళీ. ఖాళీ. ఉత్త అంకెలు. మళ్ళీ ఖాళీ. తన గుర్తు ఎక్కడ పడుతుందో తెలియాలంటే తనే ఒక గుర్తు వెయ్యాలి కదా అని, ఏ పనికీ రాని ప్రశ్న ఒకటి రాసి నడిపింది. అందులో మనసుకి తట్టిన మాటే పెట్టింది, 'ఎవరైనా ఉన్నారా' అని. తర్వాత టేబుళ్ళన్నిట్లో ఆ మాట కోసం వెతికింది.

పన్నెండు ముప్పావుకి నూట ఎనభై ఏడో టేబుల్లో దొరికింది. ఎవరైనా ఉన్నారా. చచ్చేంత సంతోషమొచ్చి కుర్చీలోంచి లేచి నిలబడింది, చెప్పడానికి గదిలో ఎవరూ లేక మళ్ళీ కూర్చుంది.

ఇంకో చిక్కు. ఆ టేబులు పొడుగాటి ప్రశ్నల్ని రెండొందల అక్షరాల ముక్కలుగా నరికి, ముక్కలన్నిటినీ కలగాపులగం చేసి పెడుతోంది, పది నిమిషాలయ్యాక తుడిచేస్తోంది కూడా. పేర్లు మాయమైన పొద్దుటి గుర్తులు ఎప్పుడో పోయాయి. అందుకని అత్తయ్య ఆ నలభై ఒక్కమంది మీద చెయ్యి పెట్టిన రోజుకి ముందు రాత్రి తీసిన బ్యాకప్పుని పక్కన పెట్టుకుని, ఆవిడ ఆ రోజు మార్చినవన్నీ చదవకుండానే గంపగుత్తగా దాంట్లోకి ఎక్కించి, ప్రొసీజరుని పేరు పెట్టి పిలిచింది. వెంటనే ముక్కలన్నీ ఎత్తి తన దగ్గర దాచుకుంది. ప్రతి ముక్కకీ ఒక నంబరు, ప్రతి ప్రశ్నకీ తనని పిలిచిన ప్రొసీజరు నంబరు. ఇక పట్టుకుని వరసలో పెట్టడమే! పదిహేడు ప్రశ్నలు తేలాయి. ఏ ఒక్కటీ ఎవర్నీ తీసెయ్యట్లేదు.

ఆరోది మళ్ళీ చదివింది. రోగుల టేబుల్ని, ఆపరేషన్‌కి తోడొచ్చే వాళ్ళ టేబుల్ని ఒకదానికొకటి జత కలిపి, జత కుదిరిన వాళ్ళని మాత్రమే కొత్త లిస్టులోకి ఎక్కిస్తోంది. తోడు గడిలో పేరుంటే ఎక్కుతారు. గడి ఖాళీగా ఉంటే, తీసెయ్యదు, తిట్టదు, ఊరికే వదిలేసి పోతుంది.

అత్తయ్య ఆ రోజు ఏం మార్చిందో చూస్తే, నలభై ఒక్క తోడు గడుల్లో ఒకే పేరు చెరిపేసింది. అదే పేరు. చెరిపిన మనిషి లాగిన్ కూడా అదే పేరు, అంటే అత్తయ్య తన పేరే చెరుపుకుంది.

ఆ పేరు అమ్మాయి ఇదివరకే ఒకసారి రాసింది. కిందటి నెల 'ఒకే మనిషి నలభై ఒక్కమందికి తోడు, ఇది అసాధ్యం, సరిచేయించగలరు' అని రిపోర్టు రాసి పైకి పంపింది తనే. భేష్ అని సూపరింటెండెంటు మెయిల్ కూడా పెట్టాడు, ఏడాదిలో పైనుంచి వచ్చిన మంచి మాట అదొక్కటే. ఆ పేరున్న మనిషి అత్తయ్యేనని తట్టనే లేదు, అత్తయ్యకి వేరే పేరుంటుందని ఎవరనుకుంటారు?

మూడింటికి ఆ ప్రశ్నలన్నీ అచ్చు తీసుకుని పైకెళ్ళింది, అత్తయ్య అప్పటికే సూపరింటెండెంటు గదిలో నిలబడుంది. ఆయన ఆమె తెచ్చిన కాగితాలు తిరగేశాడు.

"ఏమ్మా, ఇంతమందికి నీ పేరెందుకు రాశావు?" అని అత్తయ్యనడిగాడు.

"ఒంటరిగా వచ్చినవాళ్ళు సార్. తోడెవరని అడిగితే తల దించుకుంటారు. పది మందిలో ఎవరూ లేరని చెప్పించడమెందుకని నా పేరు రాసేదాన్ని. ఆపరేషనయ్యాక డ్యూటీ దిగి నేనే బండెక్కించేదాన్ని కూడా. చెరిపెయ్యమని మీరే ఆర్డరేశారు, చెరిపేశాను."

"ఎవరో రిపోర్టిస్తే వేశానమ్మా," అన్నాడాయన. ఎవరో ఆయనకే గుర్తు లేదు. అమ్మాయి నోరు మూసుకుంటే సరిపోయేది.

"నేనే సార్ ఇచ్చింది," అంది అమ్మాయి.

అత్తయ్య తలతిప్పి చూసింది. ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది.

"తప్పు ప్రొసీజరులో ఉంది, ఆవిడ తప్పేం లేదు. రెండు గంటల్లో సరిచేస్తాను," అని అమ్మాయి గోడకేసి చూస్తూ అప్పజెప్పింది. సూపరింటెండెంటు సంజాయిషీ కాగితాన్ని అడ్డంగా చింపేసి, "సరే, ఇద్దరూ వెళ్ళి ఆ నలభై ఒక్కమందికీ చెప్పండి," అన్నాడు.

పాతదాని తాళం రాదు కాబట్టి, చేతికొచ్చిన పదిహేడు ప్రశ్నలతో కొత్త ప్రొసీజరు రాసి, తోడు గడి ఖాళీగా ఉన్నవాళ్ళని కూడా ఎక్కించేలా ఆరోది మార్చి, ఐదింటికి నడిపింది. పేర్లన్నీ పాత స్థానాల్లోకి వచ్చి కూర్చున్నాయి. కౌంటరు మూసేసి ఉంది, అత్తయ్య లోపల ఫోన్ ముందు కూర్చునుంది. మొహం చూడకుండానే ఒక కాగితం ఇటు తోసింది.

"ఇరవై నీకు, ఇరవై ఒకటి నాకు."

మొదటి నంబరు చాలాసేపు మోగింది. ముసలి గొంతు, "ఎవరమ్మా?" అంది.

"ఆసుపత్రి నుంచండీ. మీ పేరు పొరపాటున లిస్టులోంచి జారిపోయింది. మళ్ళీ ఎక్కించాం. మీది తొమ్మిదో నంబరు."

"జారిపోయిందా? డేటు రాకపోతే ఇంతేలే అనుకున్నాను. వచ్చి అడిగే మనిషి లేక..." అన్నాడు ముసలాయన. "తోడెవరని అడుగుతారా మళ్ళీ?"

స్క్రీన్ మీద ఆ గడి తెల్లగా ఉంది. అమ్మాయి ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, "అత్తయ్యా, ఇక్కడ ఏం రాయను?" అనడిగింది.

అత్తయ్య తన ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని ఇటు తిరిగింది.

"ఖాళీగా వదిలేస్తే మళ్ళీ పోతాడా?"

"పోడు."

"ఖాయమా?"

"మూడుసార్లు నడిపి చూశాను."

"అయితే ఏమీ రాయకు. ఎవరూ అడగరని ఆయనకి చెప్పి తర్వాత నంబరు చెయ్యి."