మోగినప్పుడు ఉన్నవాళ్లు

నేను ఒక కంచు గంటను. గుడిగంటను అనుకుని దణ్ణం పెట్టబోతున్నారేమో, ఆ చేతులు దించేయండి. నా బతుకంతా హోటల్లోనే గడిచింది. దేవుడి దగ్గర ఉంటే మనుషులంటే ఇంత రోత పుట్టేది కాదేమో అనుకుంటాను గానీ, అక్కడికి వచ్చేదీ ఈ మనుషులే కదా.

కంచు పనికి పేరుపడ్డ బుడితి అనే ఊళ్లో పుట్టాను. రాగీ తగరమూ కరిగించి మట్టి అచ్చులో పోసి, చల్లారాక అచ్చు పగలగొట్టి, ఆకురాయితో రాసి నున్నచేశాడు ఒక పెద్దాయన. చివర్లో వేలి కణుపుతో ఒక్కసారి తట్టి, నా మోత పూర్తిగా అణిగేదాకా ఊపిరి బిగబట్టి విన్నాడు. అంత శ్రద్ధగా నన్ను విన్నవాళ్లు ఆ తర్వాత ఇద్దరే ఇద్దరు.

మొదటివాడు పొట్నూరి అప్పలస్వామి. విజయనగరంలో ఆయనది నాలుగు బల్లల టిఫిన్ హోటలు. నన్ను కొని తెచ్చి, వంటింటికీ బల్లలకూ మధ్య ఉన్న కిటికీకి వేలాడదీశాడు. దోసె పెనం మీంచి లేవగానే తనే ఒక దెబ్బ కొట్టేవాడు. ఆ మోత ఆగేలోపు పళ్లెం బల్ల మీద ఉండాలి. వచ్చినవాడు చెయ్యి కడుక్కుని కూర్చుంటే తప్ప ఆయన పిండి పొయ్యడు. ఒకసారి ఒక ప్లీడరు గారు కబుర్లలో పడి, దోసెను ముందు పెట్టుకుని ముట్టుకోలేదు. అప్పలస్వామి వచ్చి పళ్లెం లాగేసుకున్నాడు.

"ఇది సచ్చిపోనాది బాబూ. మీరు మాటలు కానిచ్చీండి, అప్పుడు ఇంకోటి యేత్తాను" అన్నాడు.

ప్లీడరు మొహం ఎర్రబడింది గానీ, రెండో దోసెను మాత్రం నోరు మూసుకుని తిన్నాడు. చేసేవాడూ తినేవాడూ ఒకే క్షణంలో ఉంటే తప్ప బతకని వస్తువులు లోకంలో కొన్ని ఉన్నాయని ఆ కిటికీ దగ్గరే నాకు తెలిసింది.

అప్పలస్వామి మోకాళ్లు అరిగి మంచం పట్టాక హోటలు కొడుకు గణపతిరావు చేతికొచ్చింది. బల్లలు తీసేసి పార్సిళ్లు పెట్టాడు. కరకరలాడే దోసెను నాలుగు మడతలు పెట్టి డబ్బాలో కుక్కితే అది తన చెమటలో తనే నానిపోయి, ఊరవతల ఎవడి మంచం మీదికో చేరేది. వాడు ఫోను చూస్తూ దాన్ని నమిలేవాడు. ఏం తింటున్నాడో వాడికి తెలీదు, ఎవడు తింటున్నాడో వండినవాడికి తెలీదు.

నాలుగు డబ్బులు కూడాక గణపతిరావుకి సాహిత్యం మీదికి మనసు పోయింది. ఒక సంఘం పెట్టి దానికి తనే అధ్యక్షుడై, అష్టావధానం జరిపిస్తానని చాటించాడు. అవధానమంటే తెలుసు కదా, ఎనిమిది మంది చుట్టూ చేరి తలో చిక్కు పెడుతుంటే, అవధాని కాగితం ముట్టకుండా అక్కడికక్కడే పద్యాలు చెప్పాలి. ఆ ఎనిమిది మందిలో ఒకడు మధ్యమధ్య గంట కొడుతుంటాడు. ఎన్నిసార్లు మోగిందో ఆఖర్న అవధాని చెప్పాలి. ఆ గంట నేనే, కొట్టేవాడు గణపతిరావు. నా మీద దుమ్ము తుడిస్తే నాకూ కాస్త ఆశ పుట్టింది.

అవధానం చెయ్యబోయేది పేరి హైమవతి, కాలేజీలో తెలుగు పాఠాలు చెప్పే అమ్మాయి. ఇదే ఆమె మొదటి సభ. కుక్కరు కూతలు లెక్కపెట్టుకుంటూ, పిల్లకి జడ వేస్తూ పద్యాలు అల్లి సాధన చేసిందట. ఇక్కడ నెగ్గితే ఇంకో ఊరు పిలుస్తుంది. తడబడితే, ఆడవాళ్లకెందుకీ అవధానాలని అనడానికి ఊళ్లో పెద్దలు కాచుకుని ఉన్నారు.

సభకు ముందు గణపతిరావు ఆమెను పక్కకు పిలిచాడు.

"పదహారు సార్లు కొడతానమ్మా. గుర్తెట్టీసుకోండి, మీకో బరువు తగ్గుద్ది."

"ముందే చెప్పేస్తే ఇంక అవధానం ఎందుకండీ? నేను అక్కడ చెప్పాలి, మీరు అక్కడ వినాలి. అంతే కదా ఇందులో ఉన్నది!"

"ఎవులు లెక్కెడతారమ్మా? మనం మనం అనుకున్నదే లెక్క" అని నవ్వుతూ వెళ్లిపోయాడు.

సభ నిండింది. అందరి చేతుల్లోనూ ఫోన్లు లేచాయి. హైమవతి ఒకరి సమస్య పూరిస్తూ, ఇంకొకరు వద్దన్న అక్షరం తప్పిస్తూ, మరొకరి వెటకారానికి బదులిస్తూ, నా మోతకు చెవి ఒగ్గే ఉంది. నేను మోగిన ప్రతిసారీ ఆమె రెప్ప ఒకసారి వాలి లేచేది. నన్ను విన్న రెండో మనిషి ఆమే. ఇంతలో గణపతిరావుకి ఫోనొచ్చింది. "నలభై ప్లేట్లా? సట్నీ వేరేగా కట్టీమను" అంటూ ఆ చేత్తో ఫోను పట్టుకుని, ఈ చేత్తో నన్ను పట్టుకుని కొట్టడమే మరిచిపోయాడు. ఆమె ఎనిమిది పనులు చేస్తుంటే ఈయన రెండు చెయ్యలేకపోయాడు.

పద్యాలన్నీ పూర్తయ్యాయి. అన్నిటినీ మొదటినుంచీ అప్పజెప్పింది. ఇంక నేనే మిగిలాను.

"ఎన్నిసార్లు కొట్టానమ్మా?" అన్నాడు గణపతిరావు మైకులో, కనుసైగ చేస్తూ.

పదహారంటే చాలు, శాలువా సిద్ధంగా ఉంది.

"పదకొండు" అందామె.

నిజం. నేను మోగింది పదకొండుసార్లే. గణపతిరావు బిత్తరపోయి, వెంటనే సర్దుకుని, "అయ్యో, పదహారమ్మా! పరవాలేదు, తొలి ప్రయత్నం, ఆడపిల్ల" అన్నాడు. సభలో అయ్యోలు లేచాయి.

హైమవతి లేచి నిలబడింది. "మీలో ఎవరైనా లెక్కపెట్టారా?"

వెనకనించి ఎవరో వీడియోలు ఉన్నాయి కదా చూద్దామన్నారు.

"వీడియో సంగతి కాదండీ. మీరు విన్నారా అని అడుగుతున్నాను."

"భోజనాలు సల్లారిపోతన్నాయి, లెగండి" అన్నాడు గణపతిరావు. లేచారు, అందరూ లేచారు. గారెలు వేడిగా తినాలని వాళ్లకు బాగా తెలుసు. గంట అయి పుట్టినందుకు ఆ రోజు సిగ్గుపడ్డాను. నాకు ఒక్క మాట వచ్చినా ఆ గొంతుల్లో గారె దిగకుండా తిట్టేదాన్ని.

ఇప్పుడు నేను హోటలు గల్లా పక్కన అద్దాల పెట్టెలో ఉన్నాను. కింద 'అవధాన ఘంట' అని బోర్డు. పార్సిలు కోసం వచ్చినవాళ్లు నాతో ఫోటో దిగి పోతుంటారు.

మొన్న గణపతిరావు కబురు పెడితే హైమవతి వచ్చింది. వచ్చే ఏడు మళ్లీ సభ పెడతానన్నాడు. ఆమె పెట్టె తలుపు తీసి, నన్ను చేతిలోకి తీసుకుని మోగించింది. ఎంత కాలానికి! హోటల్లో నిలబడ్డవాళ్లంతా గబుక్కున జేబులు తడుముకుని ఎవరి ఫోను వాళ్లు చూసుకున్నారు. తలెత్తినవాడు లేడు.

"ఎన్నిసార్లు కొట్టానండీ?" అంది.

గణపతిరావు ఫోనులోంచి కళ్లు తియ్యకుండానే, "మీరు ఎంతంటే అంతేనమ్మా, ఈసారి మీ మాటే రైటు" అన్నాడు.

ఆమె నన్ను జాగ్రత్తగా పెట్టెలో పెట్టి, తలుపు మూసి, వెళ్లిపోయింది. మళ్లీ సభకు రాదు.

మూడుసార్లు మోగాను. మీరూ అప్పుడు అక్కడ లేరు, కాబట్టి నా మాట నమ్మడం తప్ప మీకు వేరే దారి లేదు.