ఆదివారం బరువు

మనస్విని బెంగళూరు వెళ్తూ తన రెండు తాబేటి పిల్లల్ని నా దగ్గర పెట్టి వెళ్లింది.

"రెండు నెలలే రాజీ. అక్కడ మంచి రూమ్ దొరకంగనే వచ్చి తీస్కపోత," అంది.

పెద్దదాని పేరు రాయి, చిన్నదాని పేరు రప్ప. ఆ పేర్లు పెట్టింది తనే. నిమ్మకాయ కంటే కొంచెం పెద్దగా ఉండేవి. నల్లటి డిప్పల మీద పసుపుపచ్చ గీతలు, ఎవరో తీరిగ్గా కూర్చుని ముగ్గు వేసినట్టు. అది వినాయక నిమజ్జనం మర్నాడు. ఆటో వెళ్లిపోయాక చేతిలో ప్లాస్టిక్ టబ్బుతో మెట్లెక్కాను.

నాచారంలోని ఆ గదిలో మేమిద్దరం మూడేళ్లు ఉన్నాం. నేను మల్లాపూర్‌లో మాత్రలు తయారు చేసే ఒక చిన్న కంపెనీలో, నాణ్యత పరీక్షించే విభాగంలో పని చేస్తాను. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే. మనస్విని ఉప్పల్‌లో ఆఫీసు నుంచి వచ్చి, అన్నం తింటూ ఆ రోజు జరిగిందంతా చెప్పేది. నేను వినేదాన్ని. తను వెళ్లాక గదిలో ఫ్యాను ఎంత చప్పుడు చేస్తుందో తెలిసింది.

ఎవరి దగ్గరైనా గొడ్డలి అడిగి తెచ్చుకుంటే నూరి తిరిగివ్వాలని మా నాయన చెప్పేవాడు. నేనూ అలాగే అనుకున్నాను. మనస్విని వచ్చేసరికి పిల్లలు ఇచ్చినదానికంటే బాగుండాలి. వంటింటి త్రాసు ఒకటి కొన్నాను. ప్రతి ఆదివారం పొద్దున ఎనిమిదికి ముందు రాయిని, తర్వాత రప్పను తూచి, నోట్‌బుక్‌లో తేదీ, బరువు రాసి, కింద సంతకం పెట్టేదాన్ని. సంతకం ఎవరూ అడగలేదు. కంపెనీ అలవాటు. ఆ పేజీ ఫొటో తీసి మనస్వినికి పంపేదాన్ని.

మొదట్లో రెండు మూడు నిమిషాల వాయిస్ మెసేజ్ వచ్చేది. "ఏమే, నా పిల్లల్ని నీ లెక్క మూగోళ్లను చేస్తున్నవా ఏంది?" అని నవ్వేది. ఆ మెసేజ్‌ని నేను వారమంతా వినేదాన్ని. దీపావళి తర్వాత "సూపర్ బంగారం" అని మాత్రమే వచ్చేది. డిసెంబరులో బొటనవేలి బొమ్మ. అయినా ఆదివారం ఆ బొమ్మ కోసం ఎదురు చూసేదాన్ని. పిల్లలు నా దగ్గరున్నంత కాలం తను ఒక్కసారైనా ఆ మెట్లెక్కి రాక తప్పదు. ఈ మాట ఎవరితోనూ అనలేదు కానీ, నా లోపల ఉన్నది అదే.

తిండి విషయంలో లోటు చేయలేదు. పెరుగన్నం, ఉడికించిన గుడ్డు, నానబెట్టిన శనగలు, అరటిపండు. బరువు వారం వారం పెరిగింది. రాయి అరవై రెండు గ్రాముల నుంచి తొంభై ఏడుకు వచ్చింది. మా ఊళ్లో పసిపిల్ల ఒళ్లు చేస్తే తల్లి బాగా చూసుకుంటుందంటారు. టబ్బును కిటికీ పక్కనే పెట్టాను. తొమ్మిది నుంచి పదకొండు దాకా అక్కడ ఎండ పడుతుంది. పిల్లి భయానికి అద్దం మాత్రం తెరిచేదాన్ని కాదు.

ఇంటి ఓనర్ తారామణి ఆంటీది కాకినాడ వైపు. శనివారం శనివారం పైకి వచ్చి, రెండు డిప్పల మీదా పసుపు కుంకుమ పెట్టేది.

"కూర్మావతారం ఇంట్లో తిరిగితే మంచిదమ్మా," అనేది. రప్ప తల లోపలికి లాక్కుంటే, "నువ్వూ మీ మేడమ్‌లాగే తయారయ్యావేంటే? తలుపు తీయవు, మొహం చూపించవు," అని నాకు వినబడేలా దెప్పేది.

జనవరి చివర్లో రప్ప నడవడం మానేసింది. ముందు కాళ్లతో లాగుతుంటే వెనక కాళ్లు ఈడ్చుకుపోతున్నాయి. బరువు చూస్తే పోయిన వారం కంటే రెండు గ్రాములు ఎక్కువే ఉంది. ఆ రోజు డ్యూటీకి సెలవు పెట్టి, రెంటినీ అట్టపెట్టెలో పెట్టుకుని ఉప్పల్‌లో పశువైద్యుడు ఫణీంద్ర గారి దగ్గరికి వెళ్లాను.

"ఏం పెడుతున్నవమ్మా వీటికి?" అన్నారాయన.

చెప్పాను.

"దావత్ ఇస్తున్నవన్నట్టు."

"బరువు మంచిగనే పెరుగుతుంది సార్," అని నోట్‌బుక్ ఇచ్చాను. ఆయన పేజీలు తిప్పారు.

"సంతకాలు గూడ పెట్టినవ్. ఏం పని చేస్తవ్?"

"మాత్రల కంపెనీల, క్వాలిటీ సార్."

ఆయన రప్పను వెల్లకిలా తిప్పి పట్టుకున్నారు. "నీ వేలు ఇక్కడ పెట్టు. జర మెల్లగ ఒత్తు."

ఒత్తాను. కడుపు కింది డిప్ప నా వేలి కింద లోపలికి వంగింది. నెమ్మెక్కిన అప్పడంలా ఉంది.

ఆయన ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది. కంపెనీలో ప్రతి బ్యాచ్‌లోంచీ మాత్రలు తీసి ముందు బరువు చూస్తాను, తర్వాత మిషన్‌లో పెట్టి గట్టిదనం చూస్తాను. బరువు సరిపోయినా గట్టిదనం లేని మాత్ర డబ్బాలోనే పొడి అవుతుంది. ఆరేళ్లుగా రోజూ చేసే పని అది. ఇంట్లో ఐదు నెలలు బరువు ఒక్కటే చూశాను.

"ఎండ తగుల్తుంది సార్, కిటికీలకెళ్లి," అన్నాను, తప్పు చేసినవాళ్లు చివరగా పట్టుకునే మాటలాగా.

"అద్దంలకెళ్లి వచ్చేది వెలుతురే. డిప్పను గట్టి చేసేదంతా అద్దం బయటనే ఆగిపోతది. డాబా మీద పెట్టు. సగం ఎండ, సగం నీడ ఉండాలె. ఏది కావాల్నో అవే చూస్కుంటయి. అన్నం, గుడ్డు బంద్. గరిక, మందారాకు, ఎండుగడ్డి వెయ్యి. సముద్రపు నురుగు బిళ్ల మూలికల దుకాణంల దొరుకుతది, దాంట్ల సున్నం ఉంటది, పొడి చేసి ఆకు మీద చల్లు. పొద్దుగాల పది నిమిషాలు గోరువెచ్చని నీళ్లల్ల ఉంచు, గడ్డం మునగొద్దు. టబ్బుల పెడితే ఎట్ల నడుస్తయమ్మా? వాటికి తిరిగే జాగ కావాలె."

అన్నీ రాసుకున్నాను. వచ్చేస్తుంటే ఆపారు.

"ఇంకో మాట. ఇవి నక్షత్ర తాబేళ్లు. ఇంట్ల పెంచుడు చట్టం ఒప్పుకోదు. కొన్నవా?"

"మా దోస్తువి సార్. ఆమెకు ఎవరో గిఫ్ట్ ఇచ్చిండ్రట."

"ఎవరివైనా గంతే. అటవీ శాఖోళ్ల నంబర్ ఇస్త, నువ్వే ఫోన్ చేసి అప్పజెప్పు. నీ అంతట నువ్వు ఇస్తున్నవ్, భయపడకు. ఎప్పుడు చేస్తవ్?"

"ఆమెకు చెప్పి చేస్త సార్."

మనస్వినికి చెప్పలేదు. ముందు నయం కానీ, తర్వాత చూద్దామనుకున్నాను.

డాబా మీద నాలుగు వరసల ఇటుకలతో చిన్న గోడ కట్టి, పైన వల కప్పాను. లోపల మట్టి పోసి, ఒక మూల పగిలిన కుండ బోర్లించాను. పొద్దున్నే పక్కనున్న ఖాళీ ప్లాటులో గరిక కోసేదాన్ని. పంపు దగ్గరి ఆడవాళ్లు "ఏం పూజ బిడ్డా?" అని అడిగేవాళ్లు. డ్యూటీకి వెళ్లే దాకా పైనే ఉండేదాన్ని. నేను లేనప్పుడు ఆంటీ బట్టలు ఆరేయడానికి వచ్చి ఓ కన్నేసేది. పసుపు కుంకుమ పెట్టొద్దని చెబితే రెండు రోజులు మూతి ముడుచుకుని, మూడో రోజు తన కుండీలోని మందారాకులు తనే తెంపి తెచ్చింది.

నోట్‌బుక్‌లో కొత్త గడి గీశాను. ఆ గోడ ఈ చివర నుంచి ఆ చివరకు రప్ప ఎన్నిసార్లు నడిచిందో రాయడానికి. మొదటి మూడు రోజులు సున్నా. నాలుగో రోజు ఒకటి. ఎనిమిదో రోజు అది కుండ మీదకు ఎక్కబోయి వెల్లకిలా పడి, కాళ్లు కొట్టుకుంటూ తనంతట తనే తిరగబడింది. నేను గట్టిగా నవ్వాను. నా నవ్వు నాకే కొత్తగా వినిపించింది.

పదో రోజు డాక్టరు గారే ఫోన్ చేశారు.

"చేసినవా?"

"లేదు సార్. ఇప్పుడిప్పుడే నడుస్తుంది."

"మంచిది. నడుస్తుంది కాబట్టే చెప్తున్న. రేపు అది దోసెడంత అయితది, ఎల్లుండి ఇంకింత. నీ డాబా దానికి సరిపోతదా?"

ఆ సాయంత్రం మనస్వినికి ఫోన్ చేశాను. మూడోసారికి ఎత్తింది. వెనక ఎవరో నవ్వుతున్నారు.

"రాజీ, చెప్పవే. జర జల్దీ, బయటున్న."

డాక్టరు చెప్పిందంతా చెప్పాను. "నీవి కదా, నిన్ను అడగకుండ ఎట్లియ్యాలె?"

"ఓ మై గాడ్, నువ్వింకా వాటినే పట్టుకొని కూసున్నవా? ఇచ్చెయ్యవే. నన్నెందుకు అడుగుడు?"

"నువ్వొచ్చి ఒకసారి సూస్తవేమో అని."

"యాడ కుదురుతదే? మొన్న దమ్మాయిగూడల మా చిన్నమ్మోళ్ల గృహప్రవేశానికొచ్చి రెండు రోజులున్న, అప్పుడే టైమ్ దొరకలే. నీకు ఫోన్ చేద్దామనే అనుకున్న తెల్సా."

దమ్మాయిగూడ మా గది నుంచి ఆటోలో అరగంట.

"సరే మనూ. ఇచ్చేస్త," అన్నాను.

"లవ్ యూ బంగారం," అని పెట్టేసింది.

మర్నాడు పొద్దున్నే ఆ నంబరుకు ఫోన్ చేశాను. మధ్యాహ్నానికి బిందుమాధవి అనే ఆఫీసరు, డ్రైవరు వచ్చారు. ఆమె డాబా మీద గొంతుక్కూర్చుని రెంటినీ చూసింది, పక్కనున్న నా నోట్‌బుక్ తిరగేసింది.

"ఇన్ని రోజులు ఎందుకు పెట్టుకున్నరు?"

"తెల్వక ఐదు నెలలు. తెలిసినంక పదకొండు రోజులు మేడమ్."

ఆమె నా వైపు ఒక క్షణం చూసి, రాసుకుంటున్న కాగితం మడిచింది. "ఆ బుక్కు గూడ ఇయ్యుండ్రి. మా డాక్టర్‌కు పనికొస్తది."

నోట్‌బుక్ ఇచ్చాను. "పెద్దది రాయి, చిన్నది రప్ప," అన్నాను.

"మా దగ్గర నంబర్లే ఉంటయమ్మా," అంది ఆమె, మెత్తగానే.

పెట్టెలో పెట్టే ముందు రప్ప కడుపు కింద వేలితో మెల్లగా ఒత్తాను. ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. కానీ వేలికి ఎదురు నిలిచింది.

శనివారం తారామణి ఆంటీ గుప్పెడు మందారాకులతో పైకొచ్చి, ఖాళీ ఇటుకలు చూసి ఆగిపోయింది. "చూశావా నా మతి? లేవు కదూ." ఆకులు ఎక్కడ పెట్టాలో తెలియక పిట్టగోడ మీద పెట్టింది. "కిందకి రా, కాఫీ ఇస్తాను. ఎన్నాళ్లిలా గదిలో కూర్చుంటావు?"

"రేపొస్త ఆంటీ," అన్నాను.

ఆదివారం పొద్దున ఎనిమిదయినా మంచం మీదే కూర్చున్నాను. త్రాసు గూట్లోనే ఉంది. ఫోన్ పక్కనే పెట్టుకున్నాను. ఆ వారం బరువు పంపలేదు. ఎందుకు పంపలేదని ఎవరూ అడగలేదు. తొమ్మిదయ్యాక కిటికీ దగ్గరికి వెళ్లి, ఇక పిల్లి భయం లేదు కనుక అద్దం తెరిచాను. ఎండ నేరుగా చేతుల మీద పడింది. కాసేపు అక్కడే నిలబడి, చెప్పులేసుకుని కిందికి దిగాను.