ఆర్పకూడని మంట

మా పేట వాళ్ళకు తూర్పు కనపడదు. ఇదేం చోద్యమని నవ్వకండి. ఎటు చూసినా మామిడితోటలే. సూర్యుడు ఆ కొమ్మలన్నీ దాటుకుని మా పెంకుల మీద పడేసరికి తెల్లారి చాలాసేపవుతుంది. అందుకే ఈస్టరు ముందు రాత్రి ఎవరో ఒక ఇంటివాళ్ళు వంతు ప్రకారం బోడికొండ ఎక్కి పైన పడుకోవాలి. తూర్పున తొలి వెలుగు కనిపించగానే మంట వెయ్యాలి. ఆ మంట చూసి కింద సవరయ్య తాత గుడి గంట కొడతాడు. గంట వినగానే పేటంతా లాంతర్లు పట్టుకుని, పాటలు పాడుకుంటూ సమాధుల దొడ్డికి బయల్దేరుతుంది. ఆ దొడ్డి కొండకు సరిగ్గా ఎదురు దిక్కున, కాలవ అవతల ఉంటుంది. జనం అక్కడికి చేరేదాకా గంట ఆగకూడదు. సూర్యుడు పైకొచ్చేదాకా మంట ఆరకూడదు. ఆరితే ఆ ఏడాదంతా పేటకు కీడని పెద్దల మాట.

ఎనభై ఏడులో వంతు మా ఇంటిది. నేను, మా మేనమామ కొడుకులు చిన్నరాయప్ప బావ, రత్నబాబు ఎక్కాలి. నాలుగో మనిషిగా కృష్ణవేణి తగులుకుంది. దానిది మా మతం కాదు, మా వీధి కూడా కాదు. ఆగిరిపల్లి దారిలో ఒక తోట షెడ్డులో ఇద్దరం పక్కపక్కనే కూర్చుని గంపల్లో గడ్డి పరిచి కాయలు పేర్చేవాళ్ళం. చెయ్యి ఎంత చురుకో దాని నోరు అంతకు రెండింతలు. చిన్నప్పట్నుంచీ తన ఇంటి వాకిట్లో నిలబడి మా ఈస్టరు మంట చూసేదట. చెట్లు అడ్డం లేకుండా సూర్యుడు ఎలా వస్తాడో ఒక్కసారి చూడాలని నా ప్రాణం తీసింది.

వాళ్ళమ్మ రాజ్యలక్ష్మి పిన్ని ససేమిరా అంది. మొగుడు పోయాక ఆ పిల్లనే చూసుకుని బతుకుతున్న మనిషి. నాకు రోషం ఎక్కువ. ఎలా తీసుకెళ్ళానో అలా తెచ్చి అప్పజెప్పకపోతే నా పేరు లేయా కాదని వాళ్ళ గుమ్మంలో నిలబడి శపథం చేశాను. పిన్ని నా మొహంలోకి చూసి, "నిన్ను నమ్మి పంపుతున్నానమ్మాయ్. నాకున్నది అదొక్కతే" అంది. ఆ మాట కొంగున కట్టుకుని బయల్దేరాను.

భోజనాలయ్యాక ఎక్కడం మొదలుపెట్టాం. అంచు అరిగిన చంద్రుడు ఆలస్యంగా పైకొచ్చాడు. కింద తోటల్లో కాపలావాళ్ళు గబ్బిలాల్ని తోలడానికి డబ్బాలు వాయిస్తున్నారు. రత్నబాబు ఎండుపుల్లల మోపు, బావ నీళ్ళ బిందె మోశారు. దుప్పట్లు, తిండి మా ఆడవాళ్ళ నెత్తిన. బావ మనిషి ఏనుగంత ఉంటాడు, చీకటంటే మాత్రం భయం. దారి పొడుగునా కృష్ణవేణి అతన్ని ఏడిపిస్తూనే ఉంది. సగం పైన ఒకచోట రెండు చేతులూ ఆనించి పాకితే గాని ఎక్కలేని బండ ఉంది. అక్కడ కూడా దాని నవ్వు ఆగలేదు.

పైన చదును రాతి మీద గారెలు తిన్నాం. కృష్ణవేణి పుల్లల మోపు పక్కన దుప్పటి కప్పుకుని నడుం వాల్చింది. కాసేపటికి కాలికి చీమేదో కుట్టిందని గోక్కుని మళ్ళీ పడుకుంది. ఆ తర్వాత కడుపులో నొప్పి అంది. గారెలు లెక్కలేకుండా మింగితే నొప్పి రాక ఏమొస్తుందని నేనే వెటకారం చేశాను. అది తిరిగి ఒక్క మాట కూడా అనలేదు. కృష్ణవేణి మాట పడి ఊరుకుందంటే అప్పుడు నాకు భయం పుట్టింది.

టార్చి తెమ్మన్నాను. దాని కళ్ళు సగం మూతలు పడి ఉన్నాయి. తెరవమంటే నుదురు ముడిచి గింజుకుంటోంది గాని రెప్పలు లేవడం లేదు. రత్నబాబు దుప్పటి పట్టి విదిలించాడు. అందులోంచి జారి, నల్లటి ఒంటి మీద తెల్లటి కట్లతో, పుల్లల మోపు కిందికి తాపీగా వెళ్ళిపోయింది.

కట్లపాము. తోటపని చేసేవాళ్ళకు దాని సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. కాటేసిన చోట మంట ఉండదు, వాపు ఉండదు. మనిషికి రెప్పలు వాలి, గుటక పడక, చివరికి ఊపిరి ఆగిపోతుంది. నూజివీడు ఆసుపత్రిలో సూది వేయించాలి. అక్కడికి తీసుకెళ్ళాలంటే మా పేటలో ఉన్నది సలోమోను ట్రాక్టరొక్కటే. కృష్ణవేణిని బావ భుజాన వేసుకు దిగుదామంటే ఆ పాకుడు బండ దగ్గర చేతులు ఖాళీ ఉండవు. ఇద్దరూ కలిసి లోయలో పడతారు.

రత్నబాబు టార్చి లాక్కుని కిందికి పరుగెత్తాడు. ఎంత పరుగెత్తినా ఆ దారిన పేట చేరేసరికి చాలా సమయం పడుతుంది. ఈలోగా మంట వేస్తే చూసి ఎవరైనా వస్తారని బావ అన్నాడు. నాకూ అదే సబబనిపించింది. మోపుని కర్రతో దూరంగా ఈడ్చి, పాము లేదని చూసుకుని, సగం పుల్లలు అంటించాం. ఎండు మామిడిపుల్ల కదా, మంట మనిషెత్తు లేచింది. కృష్ణవేణి తల ఒళ్ళో పెట్టుకుని, సాయం వస్తుంది, వచ్చేస్తోంది అని దాని చెవిలో చెబుతున్నాను.

అప్పుడు గంట మోగింది.

ఒక్క క్షణం నాకేం అర్థం కాలేదు. బావ మొహం వైపు చూశాను. అతనికి నాకన్నా ముందే అర్థమైంది. మేం పుట్టకముందునుంచీ ఈ రాత్రి ఈ కొండ మీద మంట కనిపిస్తే కింద అందరికీ తెలిసింది ఒక్కటే. ప్రభువు లేచాడు, పాడుకుంటూ బయల్దేరండి అని. సవరయ్య తాత మెలకువొచ్చి, మంట చూసి, తాడు పట్టుకున్నాడు.

పేటలో ఒక్కొక్క లాంతరే వెలిగింది. పాట మొదలైంది. లాంతర్లన్నీ వరసగా చేరి కదిలాయి, మా వైపు కాదు, కాలవ వైపు. సలోమోను కూడా ఆ వరసలోనే ఉంటాడు. రత్నబాబు ఊపిరి బిగబట్టి పేటకు చేరేసరికి అక్కడ ముసలివాళ్ళు, కుక్కలు తప్ప ఎవరూ ఉండరు. బావ వెర్రికేకలు పెట్టాడు. అవి పాట దాటి వాళ్ళ చెవిన పడితే గదా. ఇంకో నాలుగు పుల్లలు వేశాడు. మంట పెరిగినకొద్దీ కింద పాట హుషారెక్కింది.

కృష్ణవేణి నా చీర కుచ్చెళ్ళు పట్టుకుని లాగింది. మాట ముద్దముద్దగా వస్తోంది.

"గంట కొడుతున్నారు. తెల్లారిందా? మరి నాకేం కనపడట్లేదేంటే?"

నోరు తెరిస్తే నాకు ఏడుపొచ్చేది, ఏడిస్తే అది భయపడేది. దాని తల మెల్లిగా కిందికి దించి, లేచి, బిందె ఎత్తాను. నేనేం చెయ్యబోతున్నానో చూసి బావ నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఆర్పకూడదు లేయా. పేటకు కీడు."

"కీడు అదిగో, అక్కడ పడుకునుంది బావా. చెయ్యి వదులు."

వదిలాడు. బిందె అడుగున కాసిని ఉంచి నీళ్ళన్నీ మంట మీద గుమ్మరించాను. బుస్సుమని పొగ లేచి మా మొహాలు కనపడకుండా పోయాయి. కింద గంట మోగుతూనే ఉంది. తాత తల దించుకుని తాడు లాగుతున్నాడో, కళ్ళు మూసుకుని ప్రార్థన చేస్తున్నాడో. తలెత్తు ముసలాడా, ఒక్కసారి తలెత్తి చావు అని పళ్ళు కొరుకుతూ తిట్టాను. ఆ రాత్రి తిట్టిన తిట్లకు నాకు నరకమైనా ఫరవాలేదు.

మిగిలిన పొడి పుల్లలు ఇంకోచోట అంటించమన్నాను. అంటుకోగానే తడిపిన దుప్పటి చెరో కొసా పట్టుకుని దాని మీద వాల్చాం. చీకటి. తీశాం, వెలుగు. మళ్ళీ చీకటి. దుప్పటి అంచులు కాలి చేతులకు తగులుతున్నాయి. బావ పెద్దగా ఏడుస్తూ, ప్రభువా క్షమించు అంటూనే, నేను చెప్పినప్పుడల్లా దుప్పటి వాలుస్తున్నాడు. వెనకనుంచి కృష్ణవేణి ఊపిరి గురగురమంటోంది. నా చెవులు రెండింట్లో ఒకటి దాని ఊపిరి మీద, ఒకటి గంట మీద పెట్టుకున్నాను. రెండింట్లో ముందు ఏది ఆగుతుందోనని చచ్చిపోతున్నాను.

గంట ఆగింది.

ఈస్టరు గంట మధ్యలో ఆగడం మా పేట ఎన్నడూ ఎరగదు. కాలవ గట్టు మీద పాట తడబడి, అదీ ఆగిపోయింది. లాంతర్లు నిలబడిపోయాయి. తర్వాత అందరూ చెప్పినదేమిటంటే, గంటకేమైందని వెనక్కి తిరిగారట, తిరిగితే కొండ మీద మంట ఆరుతూ వెలుగుతూ కనిపించిందట. ఒక లాంతరు వరసలోంచి విడివడి కొండ వైపు పరుగెత్తింది. దాని వెనక ఇంకోటి. ఆ పైన అన్నీ. దుప్పటి వదిలేసి పరుగున వెళ్ళి కృష్ణవేణి తల మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాను.

దారిలో రత్నబాబు వాళ్ళకు ఎదురుపడి సంగతి చెప్పాడు. సలోమోను అటునుంచి అటే ట్రాక్టరుకు పరుగెత్తాడు. మిగతావాళ్ళు వెదురుబొంగుకు దుప్పటి కట్టి తెచ్చి, పాకుడు బండ దగ్గర చేతులు మార్చుకుంటూ కృష్ణవేణిని దింపారు. కింద ఎవరో పెద్దాయన మంత్రగాడి పేరెత్తాడు. ఆయన వయసు కూడా చూడకుండా నేనన్న మాట ఇక్కడ రాయలేను. ట్రాక్టరు వెనక ట్రక్కులో గడ్డి మీద దాని పక్కన కూర్చుని, ఊపిరి ఆడేలా నూజివీడు దాకా దవడ ఎత్తి పట్టుకున్నాను. దారిలోనే ఎప్పుడో తెల్లారింది. నేను తూర్పు వైపు చూడలేదు.

ఆసుపత్రిలో సూదులు వేశారు. ఊపిరి మాత్రం తనంతట తాను తీసుకోలేకపోయింది. గొంతులోకి గొట్టం వేసి, దానికొక రబ్బరు బుడ్డి తగిలించి, ఇది నొక్కుతూ ఉంటేనే మనిషి ఉంటుందని నర్సమ్మ చూపించింది. నేను, బావ, రత్నబాబు వంతులు వేసుకున్నాం. ఆదివారం పొద్దంతా నొక్కాం. రాజ్యలక్ష్మి పిన్ని వచ్చింది. తిడుతుందని, జుట్టు పట్టుకుంటుందని ఎదురుచూశాను. ఆవిడ మాత్రం బుడ్డి నొక్కుతున్న నా చేతి మీద తన చెయ్యి వేసి అలాగే రాత్రంతా నిలబడింది. ఆ చెయ్యి బరువు ఇప్పటికీ నాకు తెలుసు.

అక్కడ పేటలో ఆరాధన జరగలేదట. ఆదివారం మిట్టమధ్యాహ్నం పాస్టరు అయ్యగారు వచ్చి, గంట కొట్టు సవరయ్యా, జనం కనిపెట్టుకుని ఉన్నారు అన్నారట. తాత తాడుని పైకి చుట్టి ముడి వేసి, "ఆ పిల్ల కళ్ళు తెరిచేదాకా నేను దీన్ని ముట్టనండి" అన్నాడట. పేటలో ఒక్కరు కూడా కాదనలేదు.

సోమవారం పొద్దున కృష్ణవేణి రెప్పలు కదిలాయి. కిటికీలోంచి ఎండ దాని మంచం మీద పడింది. ఎడమ కన్ను కొంచెం, కుడి కన్ను ఇంకొంచెం తెరుచుకున్నాయి. పొద్దెక్కాక గొట్టం తీశారు. బొంగురు గొంతుతో అది నన్నడిగిన మొదటి మాట, సూర్యుణ్ణి చూశారా అని.

"చూడలేదే. నిన్నే చూస్తూ కూర్చున్నాం" అని భోరుమన్నాను.

పిన్ని వెనకనుంచి నా తల తన పొట్టకు అదుముకుంది. "అప్పజెప్పావమ్మాయ్" అంది. అంతే అంది.

రత్నబాబు ఎవరిదో సైకిలు అడిగి తీసుకుని పేటకు తొక్కాడు. సవరయ్య తాత ముడి విప్పాడు. నడినెత్తిన ఎండ, చేతుల్లో లాంతర్లు లేవు. తోటల్లోంచి గంపలు కింద పడేసి, డబ్బాలు వాయిస్తూ వచ్చిన జనం అలాగే పాట ఎత్తుకుని కాలవ దాటారు. వాళ్ళు దొడ్డికి చేరేదాకా గంట ఆగలేదు. మా పేటకు ఆ ఏడు ఈస్టరు సోమవారం మధ్యాహ్నం వచ్చింది.