వేడి పోయే దారి

పొద్దున్నే అల్యూమినియం ఎంత చల్లగా ఉంటుందో...

అరచెయ్యి ఆనిస్తే మోచేతి దాకా తెలుస్తుంది. దువ్వెన పళ్ళలా వరసగా రెక్కలు. రెక్కల మధ్య కిటికీలోంచి పడిన వెలుగు, చారలు చారలుగా. దీన్ని హీట్‌సింక్ అంటారు. దీని పని ఒక్కటే — ఒకచోట పుట్టిన వేడిని ఒళ్ళంతా పరుచుకుని గాలికి ఇచ్చెయ్యడం.

ఈ మాట ఆయన చెప్పిందే. ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆయన ఓపిగ్గా కూర్చోబెట్టి నాతో చెప్పిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వాటిలో సగం వేడి గురించే.

వీధిలో ఆయన్ని రేడియో డాక్టరు అంటారు. నిజానికి ఆస్పత్రిలో పనిచేసింది నేను. నర్సుగా ముప్పై ఏళ్ళు. నా సూదులు ఆయన ముట్టుకోలేదు, ఆయన సోల్డరింగ్ ఐరన్ నేను ముట్టుకోలేదు. ముట్టుకోనివ్వలేదు అనడం సబబు. ఆ బల్ల మీద దుమ్ము దులపాలంటే నోటితో ఊదాలి. గుడ్డ తగిలి ఒక్క స్క్రూ దొర్లిందా, ఆ రోజంతా ఇంట్లో మౌనవ్రతం.

వీధి వీధంతా ఆయన చేసిన ఆంప్లిఫయర్లు పాడుతున్నాయి.

మా ఇంట్లో విడిభాగాలు మాత్రం ఉన్నాయి.

పెళ్ళయిన కొత్తలో మాటిచ్చారు, మనింటికీ ఒకటి చేస్తానని. నేను దెప్పినప్పుడల్లా ఈ నెల కాదు అనేవారు. ఇన్నాళ్ళకి మొదలుపెట్టారు. దాని కోసం ఐదు ట్రాన్సిస్టర్లు దాచారు. పాతకాలపువి. బోర్లించిన చిన్న ఇనప టోపీలు, కింద రెండేసి కాళ్ళు. ఇప్పుడు బజారులో దొరికేవి పేరుకే అవి, లోపల సరుకు వేరు అంటారు. ఎడమ స్పీకరుకి రెండు. కుడి స్పీకరుకి రెండు. ఇంకొకటి — ఏమన్నా అయితే.

పోయిన వారం ఏమన్నా అయింది.

ట్రాన్సిస్టర్ ఒంటి నిండా కరెంటు ఉంటుంది. దాని వేడి హీట్‌సింక్‌కి తగలాలి. కరెంటు తగలకూడదు. అందుకని మధ్యలో ఒక అభ్రకం రేకు. ఉల్లిపొర కన్నా పల్చన. గడపలో కూర్చున్న ముసలావిడలా అది వేడిని లోపలికి రానిస్తుంది, కరెంటుని గుమ్మంలోనే ఆపేస్తుంది.

అల్యూమినియానికి బెజ్జం వేస్తే అంచున చిన్న మొనలు లేస్తాయి. పెద్ద డ్రిల్లు బిట్టు తీసుకుని, చేత్తో తిప్పి, ఆ అంచు నున్నగా చెయ్యాలి. ఆయన ఎప్పుడూ చేసేవారు. ఆ రోజు చేతిలో బిట్టు నిలవలేదు... వదిలేశారు. వెంట్రుకంత మొన అభ్రకంలోకి దిగింది. తర్వాత మీటరు పెట్టారు. కరెంటు రెక్కలకి తగులుతుంటే అది కూస్తుంది. సూదులు రెండూ వేళ్ళ మధ్య ఆడుతుంటే కూసింది, ఆగింది, మళ్ళీ కూసింది. వైరు లూజన్నారు. మీటరు ముసలిదైపోయిందన్నారు. జాగ్రత్త కోసం ఎప్పుడూ ముందు పెట్టే బల్బు కూడా పెట్టకుండా స్విచ్ వేశారు.

చిన్న చప్పుడు.

కాలిన వాసన.

కాలిన ట్రాన్సిస్టర్‌ని ఆయన విప్పి, చల్లారాక, చొక్కా జేబులో వేసుకున్నారు. వారం నుంచి చొక్కాలు మారుతున్నాయి. అది మాత్రం జేబులోనే ఉంది.

ఇక మిగిలినవి నాలుగే.

ఆ చేతి సంగతి నాకు ఏడాదిగా తెలుసు. గ్లాసు నిండా నీళ్ళు పోయడం మానేశాను. చొక్కాలకి గుండీలు ముందే పెట్టేసి, తలలోంచి తొడుక్కునేలా ఇస్తున్నాను. ఆయన ఎందుకని అడగలేదు. నేను చెప్పలేదు. ఒక్కసారి మాత్రం, మా పెద్ద డాక్టరుగారికి చూపిద్దామా అన్నాను. టీ ఎక్కువై అలా ఉంది అన్నారు. ఆ రోజు నుంచి టీ మానేశారు. చెయ్యి మానలేదు.

ముప్పై ఏళ్ళు ఊళ్ళో జనాన్ని పరీక్షలకి పదండి పదండి అని గదమాయించినదాన్ని. సొంతింట్లో నోరు పెగల్లేదు. భయం. ఈ నాలుగూ పోతే ఆ బల్ల మీద దుప్పటి కప్పేస్తారని భయం. ఆ తర్వాత ఆ మనిషి పొద్దున్నే లేచి ఎటు వెళ్తాడు? ఏ కుర్చీలో కూర్చుంటాడు?

ఇవాళ పొద్దున్న నాలుగింటినీ వరసగా పేపరు మీద పెట్టుకున్నారు.

నేను వంటింటి గుమ్మంలో, తడి చేతులతో.

చిన్న పట్టకారుతో అభ్రకం రేకు ఎత్తారు. అది వెలుగులో తళతళా ఆడింది. జారింది. ఇంకొకటి ఎత్తారు. జారింది. మూడోది హీట్‌సింక్ దాకా వెళ్ళి, అక్కడ అటూ ఇటూ తడబడి, గాలికి తేలి, బల్ల కిందకి పోయింది.

అభ్రకం రేకు పడితే చప్పుడు రాదు.

ఆయన దాని కోసం వంగలేదు. కిటికీ అవతల గాలికి తీగ మీద బట్టలు కదులుతున్నాయి... లేచారు. దుప్పటి కోసమే అనుకున్నాను.

ఆ బల్ల దగ్గర ఎప్పుడూ ఒకే స్టూలు. దాన్ని కాలితో నా వైపు జరిపారు.

"చేతులు తుడుచుకుని రా," అన్నారు.

వెళ్ళాను. కూర్చున్నాను. అంత ఎత్తు నుంచి ఆ బల్లని నేనెప్పుడూ చూడలేదు.

ముందు బిట్టు తిప్పమన్నారు. మెల్లగా, చేత్తోనే. తర్వాత కళ్ళు మూసుకుని వేలితో తడమమన్నారు. ఆ మొన కళ్ళకి దొరకదట. మూడు బెజ్జాలు నున్నగా ఉన్నాయి. నాలుగోదాని దగ్గర వేలికొనకి చురుక్కుమంది. చర్మం కింద నరాన్ని వెతికి పట్టిన వేలు ఇది, దీన్ని ఎవరూ మోసం చెయ్యలేరు. మళ్ళీ తిప్పాను. మళ్ళీ తడిమాను.

వేడి దాటడానికి తెల్లటి పేస్టు ఇచ్చారు. ఒత్తుగా పూశాను.

"అది గాయం కాదు, పట్టు వెయ్యకు," అన్నారు. ఏడాదిలో ఆయన నవ్వడం అదే మొదలు.

తుడిచి, పల్చగా రాశాను. లోహం లోహాన్ని అందుకోలేని చోటు నిండితే చాలట. దాని మీద రేకు. రేకు మీద ఇంకో పూత. దాని మీద ట్రాన్సిస్టర్. స్క్రూలకి ప్లాస్టిక్ తొడుగులు. ఇటు కొంచెం, అటు కొంచెం బిగించాలి. ఒకవైపే బిగిస్తే రెండోవైపు లేస్తుంది. మరీ బిగిస్తే రేకు పగులుతుంది. వదిలేస్తే వేడికి దారి ఉండదు. ఆయన నా భుజం వెనక నిలబడి, ఇంకో పావు చుట్టు, ఇంకో పావు అంటూ లెక్క చెప్పారు. ఆయన ఊపిరి నా చెవికి తగులుతోంది. పెళ్ళినాటి ఫోటోలో కూడా ఇంత దగ్గరగా నిలబడలేదు.

ఎడమవైపు రెండూ కూర్చున్నాయి.

మీటరు సూదులు నేనే పట్టుకున్నాను. ఒకటి టోపీ మీద. ఒకటి రెక్క మీద.

కూయలేదు.

రెండోది. కూయలేదు.

ఇవాళ బల్బు మర్చిపోలేదు. కరెంటు ముందు బల్బులోంచి రావాలి, ఆ తర్వాతే ఆంప్లిఫయర్‌లోకి. బల్బు వెలిగి మసకబారితే క్షేమం. వెలుగుతూనే ఉంటే లోపల ఎక్కడో తగిలినట్టు. ఆయన స్విచ్ వైపు చూశారు, నా వైపు చూశారు.

వేశాను.

బల్బు భగ్గున వెలిగింది...

వెలుగుతోంది...

ఆయన నా భుజం పట్టుకున్నారు.

తగ్గింది. ఎర్రటి దారప్పోగంత మిగిలింది. తర్వాత అదీ లేదు.

రేడియో తీగ తగిలించారు. స్పీకరులోంచి ఒకావిడ గొంతు, పక్కన కూర్చుని చెప్పినంత తేటగా — సాయంత్రానికి ఈదురుగాలులు వీచే అవకాశం ఉందట. ముప్పై ఎనిమిదేళ్ళు ఎదురుచూస్తే మా ఇంట్లో మొదటి పాట వాతావరణం. నాకు నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. ఆయన మాత్రం ఆ గొంతులో గరగర ఉందేమో అని తల వంచి వింటున్నారు.

లేదు.

ఇప్పుడు హీట్‌సింక్ మీద చెయ్యి పెట్టి చూడాలన్నారు. మెల్లగా, అంతటా ఒకేలా వెచ్చబడితే బాగా కూర్చున్నట్టు. నేను ఒక చివర పెట్టాను. ఆయన రెండో చివర పెట్టారు.

ముందు చల్లన. తర్వాత ఏమీ తెలియలేదు. తర్వాత గోరువెచ్చన.

దానితోపాటే ఇంకొకటి... రెక్కల గుండా, లోహం గుండా, నా అరచేతిలోకి. సన్నటి వణుకు. ఆగకుండా.

అది ట్రాన్సిస్టర్ది కాదు. రేడియో గొంతుదీ కాదు.

నాకు తెలిసిందని ఆయనకీ తెలిసింది. చెయ్యి లాగేసుకుంటారనుకున్నాను.

"ఎప్పట్నుంచి?" అని అడిగారు.

ఆయన చేతి గురించి ఆయనే నన్ను అడుగుతున్నారు.

"ఏడాది నుంచి," అన్నాను.

తలూపారు. కుడివైపు బెజ్జాలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. ట్రాన్సిస్టర్లు రెండు పేపరు మీద ఉన్నాయి. డాక్టరు మాట నేను ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. కిటికీలోంచి గాలి వచ్చి రెక్కల మధ్య దూరింది.

అల్యూమినియం వెచ్చబడుతోంది.

ఆయన చెయ్యి తియ్యలేదు. నేనూ తియ్యలేదు...