గురవమ్మ కోసం ఏడుపు

వాట్‌గంజ్ మునిసిపల్ క్వార్టర్స్‌లో వీధులూడ్చే గురవమ్మ పోయింది. కూతురు రాగం తీసి, తల్లి మంచిని తెలుగులో చెప్పుకుని ఏడిస్తేగాని పాడె లేవదు. కూతురు నూకరత్నం మాత్రం గోడకేసి చూస్తూ కూర్చుంది. ఆమె చిన్నప్పుడే బడిలో తెలుగు ఎత్తేసి బంగ్లా భాషొక్కటే ఉంచారు; ఎన్ని అర్జీలు పెట్టినా తెలుగు మళ్లీ రాలేదు.

“ఏటే, రాయిలాగ? ఏడు!” అంది మేనత్త.

“మాటలు బంగ్లాలోనే వస్తన్నాయత్తా.”

“మీయమ్మకి చేపలబేరానికే చాల్లేదు ఆ బంగ్లా!”

తమ్ముడి కొత్త పెళ్లాం ప్రేమకుమారి ఖరగ్‌పూర్‌లో తెలుగు బడికి వెళ్లిన పిల్ల; వచ్చి నూకరత్నం వెనక చేరింది. “‘పండక్కి పట్టుచీర పెట్టావే’ అనండి వదినా,” అని చెవిలో చెప్పింది.

“పెట్టలేదే.”

“మరేటి పెట్టింది?”

నూకరత్నం బంగ్లాలో చెప్పింది. ప్రేమకుమారి దాన్ని తెలుగు చేసి అందించింది.

“వీధులూడ్చొచ్చి వేడి కచోరీ పెట్టావే, అమ్మా,” అని నూకరత్నం పాఠంలా అప్పజెప్పింది. కన్నీళ్లు రాలేదు. పాడె లేచింది.