తాళాలాయన చిన్న లాప్‌టాప్

బీరువాకి తాళం వేసి లాగి చూశాడు. గడప దాకా వెళ్ళి, వెనక్కొచ్చి ఇంకోసారి లాగాడు. వీధిలో అందరూ ఆయన్ని 'రెండోసారి' అని పిలిచేది ఇందుకే.

తాళాలు బాగుచేయడం, తాళంచెవులు చేయడం ఆయన పని. అరవై దాటాయి. ఆకురాయి తగిలి తగిలి కుడి బొటనవేలి గోరు సగమే మిగిలింది. చొక్కా జేబులో గాయాలకి అంటించుకునే పట్టీలు ఎప్పుడూ ఉండాల్సిందే. అనుమానం ముందు పుట్టి ఆయన తర్వాత పుట్టాడని భార్య అంటుంది. అనదూ మరి! పంచదార డబ్బా ఉన్న అలమరకి కూడా తాళమే. 'ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు' అన్నది ఆయన ఊతపదం. ఆ ఇంట్లో ఉండేది ఇద్దరు. అందులో దొంగ ఎవరన్నది ఆయన ఎన్నడూ ఆలోచించలేదు. ఆవిడ మాత్రం ఆ మాట విన్న ప్రతిసారీ ఆలోచించింది.

ఇప్పుడు ఆవిడకి ఆ మాట వినపడదు. రెండేళ్ళుగా ఏ మాటా వినపడదు. ఎదుటివాళ్ళ పెదాలు చూసి అర్థం చేసుకుంటుంది. ఫోన్లో పెదాలు కనపడవు గనుక వేరే ఊళ్ళో ఉన్న అక్కతో మాటలు ఆగిపోయాయి. కెమెరా ఉన్న ఫోన్ ఇంట్లోకి రావడానికి వీల్లేదని ఆయన ఏనాడో తేల్చేశాడు.

ఈమధ్య ఒక ఆఫీసు మూసేస్తూ, ఆయనచేత మొరాయించిన బీరువాలు తెరిపించుకుని, కూలితోపాటు ఒక చిన్న లాప్‌టాప్ కూడా చేతిలో పెట్టారు. పాతదే, లోపల అంతా చెరిపేశాం అన్నారు. ఊరికే ఎందుకిచ్చారో అంతుబట్టక ఆయన దాన్ని మంచం కిందికి తోసేశాడు. ఇవాళ భార్య దాన్ని బయటికి లాగి, సంచిలో పెట్టి, ఆయన భుజానికి తగిలించింది.

"షాపులో ఇచ్చి పనిచేయించుకు రండి. నేను మా అక్క మొహం చూసి మాట్లాడుకోవాలి," అంది, తన గొంతు తనకే వినపడక గట్టిగా. "దీనిక్కూడా తాళం వేసి మీ గుత్తిలో కలుపుకున్నారో, నేను మా అక్క దగ్గరికే వెళ్ళిపోతా. ఉత్తుత్తి బెదిరింపు అనుకునేరు."

ఉత్తుత్తిది కాదని ఆయనకీ తెలుసు. ఆవిడ బట్టల సంచి సర్ది మంచం మీద ఉంది. తలుపు దగ్గరగా వేసి, రెండుసార్లు లాగి చూసి బయల్దేరాడు.

ఆయన తాళాల బల్ల పక్కనే కంప్యూటర్లు బాగుచేసే షాపు. నడిపే ఆమె జుట్టు ముడిలో ఎప్పుడూ ఒక స్క్రూడ్రైవర్ దోపుకుని ఉంటుంది. అందరికీ ఆమె ఇంజనీరమ్మ. ఆమె లాప్‌టాప్‌ని తిప్పి చూసి, ఊది, మూత తెరిచింది.

"దీంట్లో మిషన్‌ని నడిపే సిస్టమ్ ఏదో ఒకటి వెయ్యాలి బాబాయ్. కంపెనీది కొనుక్కోవచ్చు. లేదా ఊరికే దొరికేది వేసుకోవచ్చు."

"ఊరికే వచ్చేదేదీ ఊరికే రాదమ్మా. ముందు కంపెనీది చూపించు."

ఆమె బల్ల మీద అప్పుడే ఇంకెవరి మిషన్‌లోనో అది ఎక్కుతోంది. తెర మీదే పేరు అడిగింది. ఫోన్ నంబరు అడిగింది. మీరెక్కడున్నారో తెలుసుకోవచ్చా అంది. ఒప్పుకున్నాననమని ఒక పొడవాటి పత్రం పెట్టింది.

"నేను సరుకు కొంటున్నానా, వాంగ్మూలం ఇస్తున్నానా?"

"చాలావాటికి వద్దు అనొచ్చు బాబాయ్. లోకంలో ఎక్కువమంది వాడేది ఇదే. బాగానే ఉంటుంది. కాకపోతే మీ మిషన్‌ది చిన్న ప్రాణం, దీన్ని మోయలేక ఆయాసపడుతుంది."

"దీని లోపల ఏముందో విప్పి చూపిస్తారా?"

"చూపించరు. రెండోదైతే ఎవరైనా చూడొచ్చు. ఎలా రాశారో అంతా బయటే పెట్టారు."

"ఎవరైనా అంటే? దొంగ కూడానా?"

"ఆఁ, దొంగ కూడా."

ఆయన లాప్‌టాప్ మూత టక్కున మూసేశాడు. "నా చెవిలో పువ్వు కనపడుతోందా నీకు? దొంగకి లోపలి గుట్టంతా చెప్పి, పైగా భద్రం అంటావా!" సంచి భుజాన వేసుకుని తన బల్ల దగ్గరికి వచ్చేశాడు.

అక్కడ ఒకావిడ చెవి పోయిన తాళం పట్టుకుని నిలబడి ఉంది. ఆయన ఇంకా పళ్ళు కొయ్యని చదునైన ఇత్తడి చెవి ఒకటి తాళంలోకి దూర్చి, బిగించి తిప్పి, బయటికి తీసి వెలుతురులో చూశాడు. ఎక్కడ నొక్కుకుందో అక్కడ సన్నటి గీత పడింది. ఆ గీత మీద ఆకురాయి పెట్టాడు. మళ్ళీ దూర్చాడు, మళ్ళీ అరగదీశాడు. చేతులు పని చేసుకుపోతుంటే మనసు మాత్రం పక్క షాపులోనే ఉండిపోయింది. ఈ రకం తాళం కడుపులో ఏముంటుందో తనకి తెలుసు. ఊళ్ళో తాళాలు చేసేవాళ్ళందరికీ తెలుసు, దొంగలకీ తెలుసు. అయినా జనం దీన్ని వేసుకుని హాయిగా నిద్రపోవడంలా? గుట్టంతా చెవి పళ్ళలో ఉందిగాని తాళం కడుపులో ఎక్కడుంది? తాళం టిక్కుమని తెరుచుకుంది.

చెవి ఆవిడకిచ్చి, రెండు అరచేతులూ చాపి, తిప్పి చూపించాడు. నకలు ఉంచుకోలేదని చెప్పడం అది. పని నేర్పిన తండ్రి అది కూడా నేర్పాడు. ఆ మాట నోటితో చెప్పకూడదు, నోరు అబద్ధమాడుతుంది అనేవాడు.

ఆవిడ వెళ్ళాక సంచి తీసుకుని మళ్ళీ పక్క షాపు మెట్లెక్కాడు.

"రెండోసారి వచ్చాడండీ!" అని ఇంజనీరమ్మ నవ్వింది.

"నవ్వింది చాల్లే. ఆ ఊరికే వచ్చేది వెయ్యి. చెడిపోతే ఎవర్నడగాలి?"

"నన్నే. పక్కనే చస్తున్నాగా."

పెన్‌డ్రైవ్ గుచ్చి, ముందు దాన్నుంచే నడిపి చూపించింది. ఆయన ఏదీ ముట్టుకోకుండా, చేతులు వెనక్కి కట్టుకుని చూశాడు. తల ఊపాడు. ఎక్కించడం దాదాపు అయిపోయాక ఆమె కుర్చీ పక్కకి జరిగింది.

"పాస్‌వర్డ్ కొట్టండి. నేను అటు తిరుగుతా."

ఆయన ఆ ఖాళీ గడి వైపు వేలు చూపించాడు.

"లేకపోతే ఏమవుతుంది?"

"మూత తియ్యగానే తెరుచుకునేలా పెట్టొచ్చు. కాకపోతే ఎవరు తీసినా తెరుచుకుంటుంది."

"ఎవరు తీస్తారు? ఇంట్లో ఉండేది ఇద్దరమే," అన్నాడు. ఆ మాట తన చెవికే కొత్తగా వినపడింది. సిగ్గేసింది. ఎన్నేళ్ళ సిగ్గో ఒక్కసారే వచ్చిపడినట్టుంది. "వద్దమ్మా. అలాగే వదిలెయ్."

"ఈ మాట అంటున్నది మీరేనా బాబాయ్?"

ఆయన జేబులోంచి పట్టీ తీసి, కెమెరా కన్ను మీద గట్టిగా అంటించాడు. "ఇది మాత్రం నన్ను చూడ్డానికి వీల్లేదు."

"మరి పిన్నిని వాళ్ళక్క చూడొద్దా?"

"చూద్దాంలే," అంటూ దాని మీద వేళ్ళతో ఏదో సవరించాడు.

ఇల్లు చేరేసరికి భార్య మేడ మీద బట్టలు ఆరేస్తోంది. పిలిస్తే వినపడదు, మెట్లెక్కే ఓపిక లేదు. ఎందుకో పొద్దుటినుంచీ ఎడమ భుజం లాగుతోంది. లాప్‌టాప్ బల్ల మీద పెట్టి, వచ్చాక చూపిద్దామని కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ బకెట్ పట్టుకుని దిగి వచ్చి, నిద్రపోతున్నాడనుకుని, టీ పెట్టి తెచ్చి భుజం తట్టింది. ఆయన ఇక లేవలేదు. చేతులు రెండూ ఒళ్ళో, అరచేతులు పైకి ఉన్నాయి.

అక్క వచ్చి, దినాలయ్యేదాకా చెల్లెలి దగ్గర ఉంది. గుత్తిలోని చెవులతో ఇద్దరూ బీరువా తెరిచారు, అలమర తెరిచారు. లాప్‌టాప్ జోలికి మాత్రం ఆవిడ వెళ్ళలేదు. "దాని తాళం ఆయనతోనే పోయింది," అంది. "అదొక్కటైనా నాకోసం చేస్తాడనుకున్నా చూడు, నాది బుద్ధి తక్కువ." బట్టల సంచి భుజాన వేసుకుని, అక్కతో బయల్దేరబోతుంటే ఇంజనీరమ్మ పలకరించడానికి వచ్చింది. బల్ల మీద ఉన్నదాన్ని చూసి, మామూలుగా మూత ఎత్తింది. అది ఏమీ అడక్కుండా తెరుచుకుంది.

"పాస్‌వర్డ్ నీకు చెప్పాడా?" అంది ఆవిడ. ఆ గొంతులో ఉక్రోషం ఉంది.

ఇంజనీరమ్మ ఆవిడ ఎదురుగా నిలబడి, పెదాలు మెల్లగా కదిపింది. "పెట్టొద్దన్నారు పిన్నీ." అర్థమైందో లేదోనని, ఆయన బల్ల దగ్గర రోజూ చూసినట్టే, రెండు అరచేతులూ చాపి చూపించింది.

ఆవిడ ఆ చేతుల వంక చూసింది. ఆయన కుర్చీ వంక చూసింది. "ఆయన ఒళ్ళో చేతులు... అది నాకేనా?" అంటూ నేలమీద కూలబడి, ఇన్నాళ్ళూ రాని ఏడుపు బావురుమని ఏడ్చింది.

సాయంత్రం అక్క ఒక్కతే బస్సెక్కింది. బట్టల సంచి ఖాళీ అయి మంచం కిందికి వెళ్ళింది. బల్ల మీద లాప్‌టాప్ తెరిచే ఉంది. కెమెరా మీద పట్టీ అలాగే ఉంది, దాని ఒక కొస మాత్రం ఆవిడ గోటికి అందేలా ఆయన ముందే లోపలికి మడిచి ఉంచాడు.