ఖాళీ కంచం సాక్ష్యం

కంచం ఖాళీ అయితే పంక్తిలో అందరూ తిన్నట్టేనా? రొయ్యల చెరువు గట్టు మీద ఈ ప్రశ్నకు ఇంతవరకు ఎవరూ జవాబు చెప్పలేదు.

నేను ఒక చెక్ ట్రేను. ఇనుప చట్రానికి సన్నని వల బిగించి నన్ను తయారుచేశారు. నాలో గుప్పెడు మేత వేసి చెరువు అడుగుకు దించుతారు. కాసేపటికి పైకి లాగి, ఏమైనా మిగిలిందా అని చూస్తారు. దాన్నిబట్టే చెరువంతటికీ మేత పెంచుతారు, తగ్గిస్తారు. సాక్ష్యం చెప్పడమే నా ఉద్యోగం. నన్ను ఎప్పుడూ ఒకే ప్రశ్న అడగడం నా దురదృష్టం.

మొదటి యజమాని చెరువు సాగు మానుకుంటూ నన్ను నాచుతో సహా సూరపరాజుకు ఇచ్చేశాడు. సూరపరాజుకు అంతకుముందు పంట తెగులుకు పోయింది. ఇదీ పోతే చెరువు వదులుకోవలసిందే.

రొయ్యలన్నీ ఒక్కలా ఎదగవు. కొన్ని చిటికెన వేలంత అయ్యాయి, కొన్ని అందులో సగమైనా లేవు. అయినా మేత సంచి మీద అచ్చువేసిన వయసు రాగానే సన్నని రవ్వమేత ఆపి, లావు గుళికలు మొదలుపెట్టారు. పెద్దవి గుళికను కాళ్ళతో ఒడిసిపట్టి కొరికాయి. చిన్నవి పట్టుకోలేక, తోపులాటకు నిలవలేక తప్పుకున్నాయి. మిగిలినది నాని, నా కన్నాల్లోంచి బురదలోకి జారింది. నేను శుభ్రంగా పైకి వచ్చాను.

"తిన్నాయా?" అన్నాడు సూరపరాజు గట్టు మీద నుంచి.

"ఆయ్, నాకేశాయండీ!" అన్నాడు మేత చల్లే ఏసుబాబు.

"అయితే రేపు అర బస్తా పెంచు."

ఏవి తిన్నాయని అడగాలని ఒక్కరికీ తోచలేదు. మాంసకృత్తుల కొలత, నూనె కొలత అంత జాగ్రత్తగా వేసిన మేత కంపెనీ మేధావులు నోటి కొలత మరిచారు. మిగులు మేత కుళ్ళి చెరువు అడుగు నల్లబడింది. గుల్ల విడిచి మెత్తగా పడివున్న చిన్నవాటిని పెద్దవి తినసాగాయి.

ఒక ఉదయం రాజు భార్య సుభద్రాయమ్మ నాలో చిక్కిన చిన్న రొయ్యను ఎండకు ఎత్తిపట్టింది. వీపు వెంట నల్లని గీతలా కనిపించవలసిన పేగు ఖాళీగా ఉంది.

"ఏవండీ, ట్రే ఖాళీ, దీని పొట్టా ఖాళీ. మరి మీ మేత ఎవరు తిన్నట్టు?"

"ట్రే వల చిరిగుంటుందే. కొత్తది తెప్పిస్తాలే."

"ట్రే మార్చండి, మేత మాత్రం మార్చకండి! మీ నోట్లో గుమ్మడికాయ పట్టుద్దేంటండీ, దీని నోట్లో గుళిక పట్టడానికి?"

రాజు నన్నే మార్చి తుక్కులో పడేశాడు. కొత్త ట్రే కూడా ఖాళీగానే పైకి వచ్చింది. అందులో చిక్కిన చిన్న రొయ్య పొట్టా ఖాళీయే. సుభద్రాయమ్మ రవ్వమేత తెప్పించి గుళికల్లో కలిపించింది. చెరువు నిలిచింది, చిన్నవాటిలో సగం నిలవలేదు. నేను తుక్కులోనే ఉన్నాను. నాకు ఎవరూ క్షమాపణ చెప్పలేదు.

అది నాకు అక్కరలేదు. మీరు ఒక్క పని చేయండి. ఈసారి ట్రే పైకి లాగినప్పుడు, తిన్నాయా అని అడగకండి. అందులో అన్నిటికన్నా చిన్నదాన్ని వెలుగులో పట్టుకుని, దాని పేగు చూసి, ఆ తరువాతే మేత సంచి విప్పండి.